వద్దన్న కప్పు

“తీసుకో నాయనా, చలికి కాస్త గొంతు తడుపుకో” అంటూ హాస్కెల్ కప్పు ముందుకు జరిపాడు.

ఎల్డర్ లుడ్లో దాన్ని వెనక్కి జరిపాడు.

“మాకు కాఫీ నిషేధమండీ. పోయినసారీ చెప్పాను.”

“ఒక్క గుక్క తాగి చూడు.”

“వద్దండీ.”

ముసలాయన నవ్వి, ఆ కప్పు తనే తాగేశాడు.

ఎల్డర్ అంటే పెద్దాయన అని అర్థం, మతప్రచారానికి వచ్చిన కుర్రాళ్ళందరికీ ఇదే పిలుపు. మన పెద్దాయనకి ఇంకా మీసమే సరిగ్గా రాలేదు. పంతొమ్మిదేళ్ళు. యూటాలో తాతల నాటి మార్మన్ క్రైస్తవ కుటుంబం, కాఫీ వాసన ఎలా ఉంటుందో కూడా తెలియకుండా పెరిగాడు. రెండేళ్ళు మిషన్ మీద దేవుడి మాట చెప్పి రమ్మని సంఘం మోంటానాలో గనులు మూతపడ్డ ఈ ఊరికి పంపింది. అమ్మతో ఫోన్‌లో మాట్లాడేది ఏడాదికి రెండుసార్లే. మిగతా రోజులన్నీ తెల్లచొక్కా, టై, మంచు, మొహం మీద మూసుకునే తలుపులు.

తోడు లేకుండా గడప దాటకూడదని నియమం. తోడుగా టోంగా దీవుల నుంచి వచ్చిన ఎల్డర్ తౌఫా ఉన్నాడు. మంచి కుర్రాడే గానీ మంచం మీద వాలితే చాలు, గురక. పక్కన మనిషి ఉండగా కూడా ఇంత ఒంటరితనం ఉంటుందని లుడ్లోకి ఇక్కడికొచ్చాకే తెలిసింది.

ఊరు మొత్తంలో వీళ్ళకి తెరుచుకునే తలుపు ఈ మూలింటి హాస్కెల్‌ది ఒక్కటే. కాళ్ళు పడిపోయి చక్రాల కుర్చీలో ఉంటాడు, ఎక్కడికీ కదలడు. వచ్చిన కొత్తలో ఈ ఊరి చర్చి చూసుకునే బిషప్ రిగ్బీయే చెప్పాడు, “ఆయన దగ్గరికి వెళ్ళండి, వింటాడు” అని.

విన్నాడు. వారం వారం వింటూనే ఉన్నాడు.

“అది పుస్తకంలో మాట. నీ మాట చెప్పు” అనేవాడు మధ్యలో ఆపి.

లుడ్లో తడబడేవాడు. బట్టీపట్టిన పాఠం ఎక్కడ వదిలాడో మళ్ళీ దొరికేది కాదు. గదికొచ్చి మోకరిస్తే, చిన్నప్పటినుంచీ అప్పజెబుతున్న ప్రార్థన నోటికి వచ్చేది కాదు. నిజంగా ఏదో ఒకటి అడగాల్సొచ్చేది.

ఆదివారం చర్చిలో “హాస్కెల్ గారి కోసం ప్రార్థించండి, మెత్తబడుతున్నారు” అని లుడ్లో అంటే ఆడవాళ్ళు తలలు దించుకుని నవ్వుకునేవాళ్ళు.

“నన్ను చూసే నవ్వుతున్నారు” అన్నాడు లుడ్లో.

“నీ టై చూసి” అన్నాడు తౌఫా.

ఇక తట్టుకోలేక లుడ్లో ఒకరోజు చెప్పేశాడు.

“ఈ ముసలాయన బాప్తిస్మానికి ఒప్పుకుంటే ఉంటాను. లేదంటే ఇంటికి పోతాను.”

“దేవుడితోనే బేరమా ఎల్డర్!”

ఆ వారం హాస్కెల్ అడిగాడు.

“దేవుడు వింటాడని నీకెలా తెలుసు?”

లుడ్లో పుస్తకం మూసేశాడు. కాలవలో పడి పోయిన తమ్ముడి గురించి చెప్పాడు. అమ్మ గిన్నెలు తోముతూ ఏడుస్తుంటే, తను పశువుల పాకలో మోకరించి, ఏమడగాలో తెలియక ఊరికే తమ్ముడి పేరు పిలిచానని చెప్పాడు. అప్పుడు గుండెలో బరువు కాస్త పక్కకి జరిగిందని చెప్పాడు. అది ఇంతవరకూ అమ్మకి కూడా చెప్పలేదు.

హాస్కెల్ కళ్ళు తుడుచుకున్నాడు. తౌఫా కూడా.

“అయితే... బాప్తిస్మం తీసుకుంటారా?” అని అడిగాడు లుడ్లో.

ముసలాయన కప్పు పక్కన పెట్టాడు.

“వచ్చేవారం మళ్ళీ మొదటి పాఠం చెప్పు నాయనా. ఇప్పుడు చెప్పినట్టే చెప్పాలి.”

కథ మళ్ళీ మొదటికొచ్చింది. లుడ్లోకి ఒళ్ళు మండిపోయింది.

“మీ కాలక్షేపానికి మేం దొరికామా? ఆ దిక్కుమాలిన కాఫీ కప్పే వదల్లేరు, మీకు దేవుడెందుకు?”

తలుపు ధడాలున వేసి బయటికొచ్చేశాడు.

మరుసటి వారం వెళ్ళలేదు. ఆ పై వారమూ వెళ్ళలేదు. మిషన్ అధ్యక్షుడికి ఫోన్ చేసి, ఇక నావల్ల కాదన్నాడు. శనివారం బస్సుకి పెట్టె సర్దుకున్నాడు.

బుధవారం బిషప్ వచ్చాడు.

“హాస్కెల్ పోయాడు, నిద్రలోనే. శుక్రవారం పొద్దున ఆ ఇంట్లో కాస్త కుర్చీలు సర్దాలి, రండి. మధ్యాహ్నం మన చర్చిలోనే అంతిమ ప్రార్థన.”

“మన చర్చిలోనా?”

బిషప్ అప్పటికే కారెక్కాడు.

శుక్రవారం ఆ వంటింట్లో బిషప్ భార్య పొయ్యి దగ్గర ఉంది. కుర్చీలు మోసి వచ్చిన లుడ్లోకి, హాస్కెల్ డబ్బాలోంచే కలిపి, హాస్కెల్ కప్పులోనే పోసి ఇచ్చింది.

“సిస్టర్ రిగ్బీ, మీరు కూడా కాఫీయా!”

“కాఫీ ఏంటయ్యా? వేయించిన బార్లీ. మా అమ్మమ్మ కాలం నుంచీ మనవాళ్ళిళ్ళల్లో ఇదేగా. మీ ఇంట్లో లేదూ?”

“మా ఇంట్లో పాలే.”

“సరిపోయింది. ఒక్క గుక్క తాగుంటే తెలిసేది.”

లుడ్లో తాగాడు. కాస్త చేదు, కాస్త తీపి.

“అంటే ఆయన మన మనిషేనా?”

“నీకు ముందొచ్చిన ఎల్డర్లంతా పాఠం చెప్పడం నేర్చుకుంది ఈ బల్ల దగ్గరే. చెప్పొద్దని మా అందరి దగ్గరా మాట తీసుకున్నాడు, మొండి ఘటం.”

“నేనాయన్ని అనకూడని మాటన్నాను.”

“తెలుసు. ‘కుర్రాడికి సొంత మాట వచ్చేసింది, ఇక నాతో పనిలేదు’ అని ఎంత మురిసిపోయాడో!”

లుడ్లో కప్పు రెండు చేతులతో పట్టుకుని తల దించుకున్నాడు. రేపటి బస్సు సంగతి ఆవిడకీ తెలిసినట్టుంది. పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యేసింది.

“నీ వయసులో ఆయనా ఈ ఊరికే మిషన్‌కొచ్చాడు బాబూ, ఒక్క తలుపూ తెరుచుకోక సగంలోనే బస్సెక్కి ఇంటికి పోయాడు, అందుకే ముసలితనంలో తిరిగొచ్చి మీకోసం ఈ ఒక్క తలుపూ తెరుచుకుని కూర్చున్నాడు.”