ఆఖరి నెంబరు

ఆశ్రిత ఫోన్ మోగింది. మళ్లీ అదే మనిషి.

“మేడం, మీ సర్వర్‌ల డిస్క్ నిండుతున్నదంట. జర చూస్కోండ్రి.”

అతని వెనకాల గిన్నెలు గలగలమంటున్నాయి. ఎవరో హమాలీ “హటో భాయ్, హటో” అని అరుస్తున్నాడు.

“ఎన్నిసార్లు చెప్పాలె భాయ్? ఆ మెసేజులు మీకు రావాల్సినవి కావు.”

“వచ్చింది గద మేడం. చూసి ఊకుంటె ఎట్ల?”

పెట్టేశాడు.

ఆమె తిట్టుకుంటూ పాత బ్యాకప్‌లు చెరిపేసింది. డిస్క్‌లో చోటు వచ్చింది.

ఛత్రినాకలో ఆ పాల డెయిరీకి సర్వర్ చూసుకునేది ఆశ్రితే. దుకాణాల ఆర్డర్లన్నీ అందులో ఉంటాయి. అది ఆగితే స్లిప్పులు రావు. స్లిప్పు లేనిదే వ్యాను గేటు దాటదు.

ఆ సర్వర్ మీద కన్నేసి ఉంచడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. దానికి నోరు ఆగదు. బ్యాకప్ అయితే మెసేజ్. ఎవరైనా పాస్‌వర్డ్ తప్పు కొడితే మెసేజ్. కరెంటు పోతే మెసేజ్, వస్తే మెసేజ్.

మేనేజర్ బాబురావుకు విసుగొచ్చింది.

“ఏంది ఈ లొల్లి? బరాత్‌ల బ్యాండు లెక్క మోగుతనే ఉంటది. బాగు చెయ్యి దీన్ని. ఇంకో మాట. సర్వర్ ఆగి పాలు విరిగినయంటె నీ నౌకరి ఉండదు. నీకు ముందున్నోన్ని గట్లనే ఇంటికి పంపిన.”

ఇంట్లో జీతం తెచ్చేది ఆశ్రిత ఒక్కతే. ఆ మాట ఆమె మరిచిపోలేదు.

వారమంతా ఆ సాఫ్ట్‌వేర్ ముందే కూర్చుంది. పనికిరాని మెసేజులన్నీ ఆపేసింది. డిస్క్ నిండుతుంటే, సర్వర్ ఆగితే మాత్రమే మెసేజ్ పోయేలా పెట్టింది.

మెసేజులు పోయే నెంబర్లలో ఆఖరిదానికి పేరు లేదు. చూస్తే ఆ గిన్నెల మనిషిదే.

ఫోన్ చేసింది.

“మీ నెంబర్ తీసేస్తున్న భాయ్. ఇంక మీకు తక్లీఫ్ ఉండదు.”



“నాకేం తక్లీఫ్ లేదు మేడం. ఉండనియ్యిండ్రి.”

“మీకేం పని లేదా?”

“ఉన్నది. బేగంబజార్‌ల గిన్నెల దుకాణంల చేస్త. గిరాకి లేనప్పుడు ఫోన్ చూస్త.”

“మా సర్వర్‌తోని మీకేం పని మరి?”

అవతల ఎవరో గిన్నె ధర అడుగుతున్నారు.

“మీ ఇష్టం మేడం,” అన్నాడు.

తీసేసింది. పరీక్షకు ఒక మెసేజ్ పంపి చూసింది. అందరికీ పోయినట్టు స్క్రీన్ మీద పచ్చ గుర్తులు పడ్డాయి.

లొల్లి ఆగింది.

“ఇప్పుడు పానం నిమ్మళంగున్నది,” అన్నాడు బాబురావు.

బోనాల ఆదివారం వచ్చింది. పాలకు, పెరుగుకు ఆర్డర్లు రెట్టింపయ్యాయి. మధ్యాహ్నం నుంచి ఊరేగింపుకు రోడ్లు మూస్తారు. వ్యాన్లు ఆలోపే వెళ్లిపోవాలి.

ఆశ్రిత ఇంట్లో అమ్మకు బోనం ఎత్తించి డెయిరీకి వచ్చింది. లోడింగ్ చూసే రాజన్న గేటు దగ్గరే ఎదురయ్యాడు.

“మేడం, స్లిప్పులు వస్తలేవు!”

డిస్క్ నిండి సర్వర్ ఆగిపోయింది.

చోటు చేసి మళ్లీ నడిపించేసరికి ఆలస్యమైంది. స్లిప్పు చేతికొచ్చేటప్పటికి డప్పులు వీధి మలుపు దాకా వచ్చాయి. పోలీసులు రోడ్డుకు అడ్డం పెట్టేశారు. పాలు నింపిన వ్యాన్లు గేటు లోపలే ఎండకు నిలబడ్డాయి.

సాయంత్రానికి పాలు విరిగాయి.

“అలర్ట్ మెసేజ్ రాలేదా?” బాబురావు అరిచాడు. “వారం కూసోని ఏం బాగు చేసినవ్?”

ఆశ్రిత స్క్రీన్ చూసింది. అలర్ట్ పొద్దున్నే పోయింది. అందరికీ పచ్చ గుర్తే.

తన ఫోన్ తీసింది. మెసేజ్ ఉంది. మోగలేదు. ఆ లొల్లి పడలేక వాటి చప్పుడు ఆమే ఎప్పుడో ఆపేసుకుంది. రాజన్న ఫోన్‌లోనూ అంతే. బాబురావు ఫోన్‌లోనూ అంతే.

“ఎవ్వరం చూడలేదు సార్.”

“మరి ఇన్ని రోజులు డిస్క్ నిండితే నీకెట్ల తెలిసింది?”

ఆశ్రిత ఫోన్‌లో పాత కాల్స్ వెతికి ఆ నెంబరుకు కలిపింది. స్పీకర్ పెట్టింది.

“భాయ్, మా సర్వర్ ఆగింది.”

“అయ్యో! నాకు మెసేజ్ రాలే మేడం. వస్తే చెప్పేటోన్ని.” గిన్నెల చప్పుడు ఆగింది. “పాలు పోయినయా?”

“పోయినయి.”

“సార్ మిమ్మల్ని ఏమన్న అన్నడా?”

ఆశ్రిత తలెత్తింది. బాబురావు ఫోన్ వైపే చూస్తున్నాడు. చెయ్యి చాచి కాల్ ఆపేశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“మీకు తెలుసా సార్? ఎవరు?”

“జగదీశ్వర్. నీకు ముందు ఈ సర్వర్ చూసినోడు,” అన్నాడు బాబురావు. “ఒక్క అలర్ట్ చూడలేదని నేను తీసేసినోడు.”