పట్టు వదలని ఇత్తడి మనిషి

తలా ఒక పాత్ర తీసుకుని ఆడే మా పాచికల ఆటకి సముద్రం అడుగున కాపలా ఉండే భూతం కావాలని, ఆట నడిపే సెవస్తి అడిగింది. కలిమ్నోస్ దీవిలో మా తాత స్పాంజీల కోసం మునిగేటప్పుడు పెట్టుకున్న ఇత్తడి టోపీ చూస్తూ, మంత్రంతో నడిచే ఇత్తడి మనిషిని కాగితం మీద రాసిచ్చాను. ఊపిరితో పనిలేదు. అలసట లేదు. పట్టుకుంటే వదలదు. లొసుగు ఒక్కటీ ఉంచలేదు.

ఇవాళ ఆటలో అది పట్టుకున్నది నా మెల్పోనే. పదకొండేళ్లుగా నేను ఆడుతున్న పాత్ర.

కత్తి దిగలేదు, మంత్రం పారలేదు. మెల్పోకు ఒక్క గుక్క ఊపిరి మిగిలింది.

"దండం పెడతా సెవస్తీ, వదిలించవే!"

"నువ్వు తవ్విన గొయ్యే కదరా థెమెలిస్! సొంత తమ్ముడి పాత్రనే ముంచేసినదాన్ని, నీకోసం ఆట మారుస్తానా?" అంటూ అట్టతెర వెనక నా కాగితం తిరగేసింది. "ఉండు, చివర్న ఏదో ఉంది. 'చేసినవాడి పేరు వింటే పట్టు వదులుతుంది.'"

"థెమెలిస్!" నా పేరు నేనే గొంతు చించుకుని అరిచాను.

మెల్పో పైకి తేలింది.

ఆటయ్యాక కాగితం ఇమ్మన్నాను. సెవస్తి దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలికిందికి తోసింది.

"ఆ చివరి మాట నేను రాయలేదే," అన్నాను.

"నెమ్మదిగా ఏడవరా. తమ్ముడు వంటింట్లోనే ఉన్నాడు."