పేరు లేని దరఖాస్తు

తన నక్షత్రాన్ని ఎవరో దొంగిలించారని ప్రొఫెసర్‌కి మూడో దరఖాస్తు రెండో పేరాలో తెలిసింది.

కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. అదే నక్షత్రం. దాని చుట్టూ తిరిగే అదే గ్రహం. బయట ప్రింటరు దగ్గర ఎవరో నవ్వుకుంటున్నారు. లేచి వెళ్లి తలుపు వేసి వచ్చాడు.

అంతరిక్షంలో ఉన్న ఆ టెలిస్కోపు ఒక్కటే. దాంతో ఆకాశం చూడాలనుకునేవాళ్లు వేలమంది. ఎవరికి అవకాశం ఇవ్వాలో ఒక కమిటీ తేలుస్తుంది. మొహమాటాలూ పగలూ పనిచేయకుండా దరఖాస్తుల మీద పేర్లు ఉంచరు. రాసిందెవరో చదివేవాళ్లకు తెలియదు.

ఈ ఏడు కమిటీలో కూర్చోమని ప్రొఫెసర్‌కి కబురొచ్చింది. ఉబ్బితబ్బిబ్బై ఒప్పుకున్నాడు. కమిటీలో ఉన్నవాళ్లు ఆ ఏడు దరఖాస్తు పెట్టుకోకూడదన్న నిబంధనను మాత్రం, ఒప్పుకున్న తర్వాతే చదివాడు. అప్పటికే కమిటీ సభ్యుల పేర్లు ఖరారైపోయాయి.

ఆ గ్రహం తన నక్షత్రం ముందు నుంచి పుష్కరకాలానికి ఒక్కసారి దాటుతుంది. దాటేటప్పుడు నక్షత్రపు వెలుగు గ్రహం మీది గాలిలోంచి వడకట్టుకుని వస్తుంది. ఆ గాలిలో నీటి ఆవిరి ఉందో లేదో అప్పుడే తేలాలి. ఉందని ప్రొఫెసర్ జుట్టు నల్లగా ఉన్ననాటి నుంచీ అంటున్నాడు. ఈ చలికాలం తప్పితే, అది మళ్లీ దాటేనాటికి ఆయన ఉంటాడో లేదో డాక్టరు కూడా చెప్పలేడు.

"పోనీలే, నక్షత్రం ఎక్కడికీ పారిపోదుగా," అని భార్యతో అన్నాడు. ఆ పూట భోజనం మాత్రం చేయలేదు.

ఇప్పుడు ఎవడో దాన్ని ఎత్తుకుపోతున్నాడు.

ఎవడో ఏమిటి! నక్షత్రం మీద ఉండే మచ్చలు గ్రహం లెక్కను చెడగొడతాయి. ఆ చిక్కు విప్పే కిటుకును ప్రొఫెసర్ ఇంకా ఎక్కడా అచ్చు వేయలేదు. ఒక్కడికే చెప్పాడు. తన ఇంట్లో, తన భోజనాల బల్ల దగ్గర, బావమరిదికి.

బావమరిదిదీ అదే చదువు. వేరే సంస్థ. ప్రతి ఆదివారం అక్క చేతివంట తినిపోతాడు. సభల్లో మాత్రం బావకు ఎదురు వరసలో కూర్చుంటాడు. "మా బావకు కనిపించింది నీటి ఆవిరి కాదు, ఆయన కళ్లజోడు మీది చెమట" అని నిండు సభను నవ్వించిన ఘనుడు.

అలాంటివాడు ఈమధ్య బుద్ధిగా అడిగాడు. "అది సరే బావా, మచ్చల సంగతేం చేస్తావు?" ప్రొఫెసర్ పొంగిపోయి టిష్యూ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు.

దరఖాస్తులో ఆ బొమ్మ ఉంది. పైగా, నీళ్లు ఉండితీరాలంటూ పేజీల కొద్దీ వాదన. మాట మార్చడానికైనా సిగ్గుండక్కర్లేదా!

రాసినవాళ్లెవరో పోల్చుకుంటే ఆ సంగతి చెప్పి పక్కకు తప్పుకోవాలి. అదీ నిబంధనే. ప్రొఫెసర్ ఆలోచించాడు. తనకున్నది అనుమానమే కదా, రుజువేదీ? తప్పుకోలేదు.

ఎవరు చూస్తేనేం, ఎవరో ఒకరు చూడటం ముఖ్యం కదా అని కూడా అనుకున్నాడు. ఆ ఔదార్యం కాఫీ చల్లారేదాకా నిలవలేదు.

సమావేశంలో కమిటీ అధ్యక్షురాలు ఆ దరఖాస్తును అన్నిటికంటే పైన పెట్టింది. "నాకైతే ఇదే ఫస్టండీ. మీరేమంటారు?"

"బాగానే ఉంది," అన్నాడు ప్రొఫెసర్. "చిన్నచిన్న సందేహాలున్నాయంతే."

నెమ్మదిగా, మర్యాదగా అడిగాడు. మచ్చలు నక్షత్రానికి అవతలి వైపున ఉంటే? గ్రహం అనుకున్న వేళకు రాకపోతే? దాని మీది మబ్బులు ఆవిరిని కప్పేస్తే? ఆ పథకంలోని లొసుగులు ఆయనకు తెలిసినంతగా లోకంలో ఇంకెవరికీ తెలియవు. ఏళ్ల తరబడి ఆయనకు నిద్రపట్టనివ్వనివి అవే.

"మీరే ఇంత మాటంటే ఇక మేమేం అంటామండీ," అని అధ్యక్షురాలు ఆ దరఖాస్తును అడుగుకు దింపేసింది.

ఫలితాలు వచ్చిన వారం బావమరిది భోజనానికి ఆలస్యంగా వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. కంచంలో వేళ్లతో కెలుకుతూ కూర్చున్నాడు.

"ఏంట్రా, వంట కుదర్లేదా?" అంది అక్క.

"బానే ఉందక్కా. ఆకల్లేదు."

ప్రొఫెసర్ మారు వడ్డించుకున్నాడు. "టెలిస్కోపు టైమేమైనా దొరికిందా?"

"పోయింది బావా. మీ కమిటీలో ఎవడో పనిగట్టుకుని గొంతు నులిమాడు. ఫలితంతో పాటు పంపిన వాడి ప్రశ్నలు చదువుతుంటే ఒళ్లు మండిపోయిందనుకో. కానీ ఒకటి, వాడు మామూలోడు కాదు."

"అయ్యుండడు," అన్నాడు ప్రొఫెసర్. తాపీగా మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు. "ఇంతకీ ఏ నక్షత్రం?"

బావమరిది మజ్జిగ గిన్నె దగ్గరకు లాక్కున్నాడు.

"నిన్నేరా అడుగుతున్నది. నాదేనా?"

"నీదే."

"నా ఇంట్లో తింటూ, నా బల్ల మీద గీసిన బొమ్మ! ఆ గ్రహం నీకెందుకురా? అందులో నీళ్లే లేవన్నావుగా?"

"ఇప్పటికీ లేవనే అంటాను. నీకు చెబితే రూలు ప్రకారం నువ్వు తప్పుకోవాలి కదా, అందుకే చెప్పలేదు."

"దొంగతనం ముందే చెప్పి చేస్తారట్రా ఎవరైనా?"

బావమరిది కంచం పక్కకు జరిపాడు.

"కమిటీలో ఉన్నావని నీ పేరు పెట్టనివ్వరు కాబట్టి నా పేరుతో పంపాను బావా, మీ కమిటీ పని ముగిసిన మర్నాడే నాది తీయించేసి నీ పేరు ఎక్కిద్దామని."