లాస్టు బెంచీ

“మళ్లీ పోసింది! నట్టింట్లో, నా కుర్చీ కిందే!”

కాంపౌండరు గేటు గడియ తీస్తుండగానే డ్రిల్లు మాస్టారి కేక వినిపించింది. ఆయన రిటైరై పదేళ్లయింది కానీ ఆ గొంతు ఇంకా రిటైర్ కాలేదు. ఆంబోతులకైనా జంకకుండా సూదులు వేసే పశువుల ఆసుపత్రి కాంపౌండరు, నలభై దాటిన మనిషి, ఆ కేక వినగానే చొక్కా సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు. చిన్నప్పుడు ఆయన దగ్గర తిన్న దెబ్బలు అలాంటివి.

లోపల పడక్కుర్చీ పక్కన మాస్టారు నిలబడి ఉన్నారు. ఆయన భార్య గచ్చు మీద మోకాళ్లూని గబగబా తుడుస్తోంది. కేక విని కుక్కపిల్ల పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది. మట్టికాళ్లతో ఆయన పాదాల మీదకెక్కి తోకాడించింది.

“చూడరా దీని ధైర్యం! చేసిందంతా చేసి ఏమీ ఎరగనట్టు ఎలా వచ్చిందో!”

“అరవకండి. పసిది, దానికేం తెలుసు?” అంది ఆవిడ తలెత్తకుండా.

“నువ్విలా వెనకేసుకు రాబట్టే అదలా తయారైంది.”

“ముందు వెళ్లి ప్యాంటు మార్చుకోండి. దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని కునుకు తీయొద్దంటే వింటారా?”

మాస్టారు మొహం చిట్లించుకుంటూ గదిలోకి వెళ్లారు.

“ఇంత పొట్టలో అన్ని నీళ్లెక్కడ దాచుకుందమ్మగారూ?” అని నవ్వాడు కాంపౌండరు.

ఆవిడ నవ్వలేదు. గుడ్డని బకెట్లో పిండి మళ్లీ తుడిచింది.

మూడు నెలల కిందట కుక్క కావాలంటూ ఆవిడ ఆసుపత్రికి వచ్చిన రోజు అతనికి గుర్తొచ్చింది. అన్నీ నేర్చిన పెద్ద కుక్క ఒకటుంది, ఏ ఇబ్బందీ పెట్టదు, తీసుకెళ్లమన్నాడు. ఆవిడ వద్దంది. ఉన్నవాటిలోకెల్లా చిన్నదాన్ని, కళ్లు తెరిచి నిండా నెల కానిదాన్ని ఏరుకుంది. పిల్లల్లేని ఇల్లు కదా, పెంచుకునే ముచ్చట కాబోలనుకున్నాడు.

మాస్టారు బట్టలు మార్చుకుని వచ్చి కుర్చీలో కూలబడ్డారు.

“దీన్ని తీసుకుపోరా. అందుకే కబురు పెట్టాను.”

“అదేంటి మాస్టారూ! మీకు దీనిమీద అంత ప్రేమ...”

“ప్రేమ వేరు, క్రమశిక్షణ వేరు. పొద్దున లేవగానే పెరట్లోకి తిప్పుతున్నాను. తిండి పెట్టాక తిప్పుతున్నాను. నిద్ర లేచాక తిప్పుతున్నాను. నువ్వు చెప్పినట్టు బయట పోసినప్పుడల్లా బిస్కెట్టు ముక్క కూడా పెడుతున్నాను. పెరట్లో నా ఎదుట ఎంత బుద్ధిగా ఉంటుందనుకున్నావ్! నేను ఇటు కన్ను మూయగానే అటు కొంప ముంచుతుంది. లాస్టు బెంచీ అని ఊరికే పేరు పెట్టానా?”

“నేనూ లాస్టు బెంచీయేగా మాస్టారూ. బాగుపడలేదా?”

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. వంగి కుక్కపిల్ల చెవి నిమిరారు.

“నిన్ను బాగుచేసినప్పుడు నాకు శక్తి ఉందిరా. వేలమందిని వరసలో నిలబెట్టినవాణ్ణి, గుప్పెడు కుక్కపిల్లకి ఇదొక్కటీ నేర్పలేకపోయాను. రోజూ ఆవిడ ఇలా మోకాళ్ల మీద పడి తుడుస్తుంటే నాకు తలకొట్టేసినట్టుంటోంది. ఇక నావల్ల కాదు.”

“నా మోకాళ్లకేం రాలేదు,” ఆవిడ గుడ్డ పక్కన పడేసి లేచింది. “ఇంకో నెల చూద్దామండీ. నాలుగు నెలల పిల్లకి అప్పుడే అన్నీ వచ్చేస్తాయా? మీకు దండం పెడతాను, దీన్ని పంపకండి.”

ఏనాడూ భర్తని ఏదీ బతిమాలని మనిషి ఒక కుక్కపిల్ల కోసం ఇలా కళ్లనీళ్లు పెట్టుకోవడం చూసి కాంపౌండరు ప్రాణం ఉసూరుమంది. మాస్టారు మాత్రం దాన్ని రెండు చేతులా ఎత్తి మూలనున్న బుట్టలో పెట్టారు. మొహం అటు తిప్పుకుని, వెళ్లమన్నట్టు చెయ్యూపారు.

కాంపౌండరు బుట్ట పట్టుకుని గేటు దాటాడు. వీధి మలుపు దాకా వెళ్లాడో లేదో, వెనక చెప్పుల చప్పుడైంది. ఆవిడ రొప్పుతూ వస్తోంది. అదే సమయానికి బుట్టలో కుక్కపిల్ల కుయ్ కుయ్ మంటూ గిలగిల్లాడింది. కింద వదలగానే పరుగున కాలువ పక్కకి పోయి, పని కానిచ్చుకుని, బిస్కెట్టు కోసం అతని మొహంలోకి చూసింది.

“చూశారా అమ్మగారూ! బుట్ట తడపకుండా ఆపుకుంది. దీనికి పూర్తిగా వచ్చేసింది! మొన్న టీకాకి తెచ్చి రెండు రోజులు ఆసుపత్రిలో వదిలారా, అప్పుడూ అంతే. ఒక్క చుక్క లోపల పోస్తే ఒట్టు. మాస్టారు ఓడిపోలేదు. పదండి, ఇప్పుడే చెబుతాను.”

ఆవిడ అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“వద్దు నాయనా. వెనక్కి తీసుకురా, కానీ ఆ మాట మాత్రం చెప్పకు. ఈ జాతికి ఏడాది పడుతుందని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతారు.”

“అబద్ధం దేనికమ్మగారూ? నేర్చుకుందంటే ఆయన ఎగిరి గంతేస్తారు. కుక్కా మీ ఇంట్లోనే ఉంటుంది. మీకు కావలసింది అదేగా?”

ఆవిడ వెనక్కి తిరిగి ఇంటి కిటికీ వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరని రూఢి చేసుకున్నాక కూడా గొంతు బాగా తగ్గించింది.

“దీనికి వచ్చేసిందంటే, రేపు ఆయన కుర్చీ కింద తడి ఎవరిదని చెప్పను?”