గీత దగ్గర క్యాచ్

"పట్టుకో శిల్పా! పట్టుకో!"

శిల్పశ్రీ పట్టుకోలేదు. బంతి తల మీదుగా బౌండరీ గీత దాటిపోయింది. ఆ పిల్ల చేతులైనా ఎత్తలేదు. పైగా నవ్వింది.

పీటీ సారు యోగానందకు ఒళ్ళు మండిపోయింది. ఈ ఒక్క పిల్లే అయితే సరిపెట్టుకునేవాడు. ఆ బడి పిల్లలంతా ఇంతే. నేలబారు బంతి కోసం గులకరాళ్ళ మీద పడి మోకాళ్ళు చీరుకుపోయినా వదలరు. అదే బంతి గాల్లో గీత వైపు వెళ్తే మాత్రం తమాషా చూస్తారు.

"ఎండ కండ్లలో కొడతా ఉండాదా?"

"లేదు సార్."

"బంతంటే భయమా?"

"భయమేంది సార్!"

టోపీలు కొనిచ్చాడు. బంతిని నీళ్ళలో ముంచి క్యాచ్‌లు పట్టించాడు. తిట్టాడు, బతిమాలాడు. సాయంత్రం పావగడ బస్సెక్కి ఇల్లు చేరినా మనసు కుదురుగా ఉండేది కాదు. హెడ్‌మాస్టరు మల్లేశప్ప మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది మరి.

"చూడప్పా, తాలూకా మ్యాచ్ గెలవకుంటే నీ ఆటల పీరియడ్ లెక్కలకు ఇచ్చేస్తా."

మ్యాచ్ పావగడలోనే. సొంత ఊళ్ళో పరువు. యోగానంద కూర్చోలేడు, నిలబడలేడు.

ఆఖరి బంతి. పావగడ జట్టుకు ఐదు పరుగులు కావాలి. వాళ్ళ బ్యాటర్ కళ్ళు మూసుకుని బాదాడు. బంతి పైకి లేచి, గీత దగ్గరున్న శిల్పశ్రీ మీదికే దిగుతోంది. అడుగు కదపనక్కర్లేదు. చేతులు చాపితే చాలు.

"పట్టుకోమ్మా, నా తల్లీ!" యోగానంద గొంతు చించుకున్నాడు.

శిల్పశ్రీ ఠక్కున పక్కకు తప్పుకుంది. బంతి గీత అవతల పడింది. ఆ పిల్ల రెండు చేతులూ ఎత్తి గంతులేసింది. జట్టంతా గంతులేసింది. అవతలి జట్టూ గంతులేయడం చూశాక గానీ వీళ్ళు ఆగలేదు.

యోగానంద పరుగున వెళ్ళాడు. చెంప పగలగొట్టాలనిపించింది. కానీ పిల్ల అప్పటికే వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"చేతిలోకి వచ్చిన బంతిని ఎందుకు వదిలేసినావు?"

"మర్చిపోయినా సార్."

"ఏం మర్చిపోయినావు?"

"ఊర్లో మేము సోలార్ ప్లేట్ల పక్కన ఆడతాం సార్, ఆడ బంతి కంచె దాటితే కొట్టినోడే ఔటు!"