నాడి తెలిసిన తాడు

ఆ రోజుల్లో ప్రతి పడకగదిలోనూ నాడి తెలిసిన తాడు ఉండేది. ఆలుమగలిద్దరికీ ఇష్టమైతేనే చేతులకు చుట్టుకునేది. ఒంట్లో ఏ కాస్త తేడా వచ్చినా తనంతట తానే వదులయ్యేది. అందుకే వాళ్ళు ఎలా ఉందని ఒకరినొకరు అడగడమే మానేశారు.

చీరాలలో ఆ ఆదివారం మధ్యాహ్నం సన్నగా వాన పడుతోంది. కౌముది చేతులకు తాడు మబ్బులా మెత్తగా చుట్టుకుంది. ఆ హాయికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాడు బెదిరిపోయి, జారి నేలమీద పడింది.

"నిన్ను ఆపమన్నానా?" అని తాడును కసిరి, భర్త వైపు తిరిగింది. "నువ్వే కట్టు."

ధీరజ్ మగ్గం గదిలోంచి మామూలు నూలు తాడు తెచ్చాడు. అతనికి కట్టడం రాదు. ఆమే చెప్పింది.

"తాడు కింద రెండు వేళ్ళు పట్టాలి. మెడ జోలికి పోకు. కత్తెర పక్కనే పెట్టుకో. నేను గోంగూర అంటే ఆపెయ్యాలి."

"బిగుతుగా ఉందా? వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా?" ముడి వేసి అడిగాడు.

పెళ్ళయ్యాక అతను అలా అడగడం అదే మొదలు. లేదంటూ ఆమె కళ్ళు మూసుకుంది. వానలో గది పడవలా ఊగుతున్నట్టనిపించింది.

"గోంగూర," అంది.

అతను గబుక్కున కత్తెర అందుకుని తాడు కత్తిరించేశాడు. "ఏమైంది? నొప్పెట్టిందా?"

"ఏం లేదు. ఆగుతావో లేదో చూద్దామని."

కత్తెర ఇంకా అతని చేతిలోనే ఉంది. అది కింద పెట్టేదాకా ఆమె అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది. తర్వాత తెగిన తాడులో పొడుగు ముక్క వెతికి అతనికిచ్చింది.

"ఇప్పుడు కట్టు."