ఆగని బావగారు

“బావగారూ, కాసేపు ఆగుదామా?”

దర్జీ అలా అరవడం ఇది నాలుగోసారి. ముందు సైకిల్ మీదున్న వియ్యంకుడు తల కూడా తిప్పలేదు.

“ఇప్పుడేగా బయల్దేరాం! ఆగితే ఇక మజా ఏముందండీ?”

బయల్దేరి రెండున్నర గంటలైంది. వియ్యంకుడు రిటైరైన స్టేషన్ మాస్టరు. పాతికేళ్లు ఎర్రజెండా చూపించి రైళ్లను ఆపిన మనిషి, ఇవాళ తాను మాత్రం ఆగనంటున్నాడు.

ఈ సైకిల్ షికారు అల్లుడి ఆలోచన. వరసగా మూడు రోజులు సెలవులొచ్చాయి కదా, మీరిద్దరూ అలా పల్లెల మీదుగా తిరిగి రండి అన్నాడు. పొద్దున తండ్రి సైకిలెక్కుతుంటే వెనక నుంచి పట్టుకుని, వీధి మలుపు దాకా వెంట పరిగెత్తి మరీ సాగనంపాడు. తండ్రంటే ఎంత గౌరవమోనని దర్జీ ముచ్చటపడ్డాడు.

నిజానికి దారంతా హాయిగానే ఉంది. కాలువ పక్కన నున్నటి రోడ్డు, రెండు వైపులా పొద్దుతిరుగుడు చేలు, తడి మట్టి వాసన. ముప్పయ్యేళ్లుగా కుట్టుమిషన్ తొక్కుతూ అంగుళం కూడా కదలని దర్జీకి, తొక్కిన కొద్దీ ఊళ్లు వెనక్కి పోతుంటే చెప్పలేనంత సంబరంగా ఉంది. కానీ మనసు ఆ సంబరం మీద నిలిస్తేనా! కూతురు ఒప్పజెప్పిన పని ఒకటి నెత్తిమీద ఉంది.

“నర్సు ఉద్యోగం మళ్లీ మళ్లీ రాదు నాన్నా,” అంది నిన్న వంటగదిలో, గొంతు తగ్గించి. “పక్క ఊళ్లో ఉండాలి. వారానికోసారి ఇంటికొస్తాను. ఆయన సరేనన్నారు. మామయ్యగారితోనే భయం. నలుగురిలో అడిగితే కాదనేస్తారు, ఒకసారి కాదన్నాక మాట మార్చరు. దారిలో ఏ చెట్టు నీడనో కూర్చున్నప్పుడు నువ్వే మెల్లగా అడుగు. సోమవారంలోగా వాళ్లకి ఏదో ఒకటి చెప్పెయ్యాలి.”

దారిలో చెట్లు బోలెడున్నాయి. కూర్చునే మనిషే లేడు.

“బావగారూ, అదిగో టీ కొట్టు!”

“టీ నాకు పడదండీ!”

పొద్దున తన కళ్లముందే మూడు కప్పులు తాగిన మనిషి! దర్జీకి అనుమానం వచ్చింది. అమ్మాయి సంగతి ఈయనకి ఎలాగో తెలిసిపోయింది. ఆగితే అడుగుతానని తప్పించుకుంటున్నాడు.

ఇంతలో ఎదురుగా రైల్వే గేటు పడింది. దర్జీ ప్రాణం లేచొచ్చింది. దిగి, సైకిల్‌కి స్టాండు వేసి, గొంతు సవరించుకున్నాడు. వియ్యంకుడు మాత్రం గేటు ముందున్న ఖాళీ జాగాలో గుండ్రంగా తిరగడం మొదలెట్టాడు.

“దిగండి బావగారూ, రైలు వెళ్లేదాకా...”

“దిగితే కాళ్లు పట్టేస్తాయండీ!” అంటూ ఒక చుట్టు తిరిగొచ్చాడు. “మీరు కానివ్వండి!”

“మీతో ఒక మాట...”

అప్పటికే ఆయన అటు మళ్లాడు. మళ్లీ ఇటు వచ్చేసరికి దర్జీ ఫోను మోగింది.

“అడిగావా నాన్నా?” అంది కూతురు.

“అడుగుతున్నానమ్మా.”

“ఏమన్నారు?”

“ఆయన ఇంకా ఆగలేదమ్మా.”

“అదేంటి నాన్నా, పొద్దుట్నుంచీ ఒక్కసారి కూడానా?” అంది కూతురు. “ఒద్దులే. మామయ్యగారికి ఇష్టం లేకపోతే బలవంతం చెయ్యకు.”

రైలు వెళ్లింది, గేటు లేచింది, వియ్యంకుడు వెళ్లిపోయాడు. చేతిలో ఫోనుతో దర్జీ రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. పిల్లకి పెళ్లి చేసి పంపినప్పుడు కూడా ఇంత నిస్సహాయంగా అనిపించలేదు. కూతురి కోసం ఒక్క మాట అడగలేని తండ్రి తండ్రేనా అని తనని తానే తిట్టుకున్నాడు.

ఆ కోపంలో కాళ్లకి బలం వచ్చింది. సైకిలెక్కి, సీటు మీంచి లేచి మరీ తొక్కాడు. దగ్గరయ్యేకొద్దీ వియ్యంకుడి వీపు కనిపించింది. తాను కొలతలు తీసి కుట్టిన చొక్కా, చెమటకి తడిసి ముద్దయి ఒంటికి అంటుకుపోయింది. అయినా పంతం వదలడే!

ముందు వంద గజాల దూరంలో తారు రోడ్డు అయిపోయింది. అడ్డంగా మనిషెత్తు కంకర గుట్ట, దాని పక్కన రోడ్డు పని బోర్డు. ఇక పక్కకి తిరిగే చోటు కూడా లేదు. దర్జీ తన సైకిల్‌ని ఆయన సైకిల్ పక్కకి తెచ్చాడు. మర్యాద మాట మరిచిపోయాడు.

“ఆగినా ఆగకపోయినా అడుగుతున్నాను బావగారూ! మా అమ్మాయిని పక్క ఊళ్లో నర్సు ఉద్యోగానికి పంపుతారా, పంపరా?”

వియ్యంకుడు మొదటిసారి ఇటు చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఉద్యోగమా? నిక్షేపంలా పంపిస్తాను!”

“నిజంగానా?”

“ఒట్టు! రేపే చేరమనండి, పెట్టె నేనే మోసుకెళ్తాను! మీకు పుణ్యముంటుంది, ముందు మీరు దిగి నన్ను పట్టుకోండి!”

“ఎందుకండీ?”

“నాకు తొక్కడమే వచ్చు, దిగడం రాదు!”